పెద్దమ్మ పిడికిలి

మంగళవారం. తెల్లవారి రెండు బర్రెల పాలు పిండాను. పెద్దది నాలుగు లీటర్లు, చిన్నది ఒకటిన్నరే. పేడ ఎత్తాను, జొన్న చొప్ప వేశాను, పది రొట్టెలు కాల్చాను. పదకొండో రొట్టె పెనం మీద ఉండగా పక్కింటి పెద్దమ్మ పోయిందని కబురు వచ్చింది. ఆదోని ఆస్పత్రిలో, తెల్లవారుజామున. ఆ రొట్టె మాడింది.

ఆమె నాకు బంధువు కాదు. మా వీధిలో గొడ్డు మేత మానేస్తే ముందు పిలిచేది ఆమెనే. వాము, మెంతులు, శొంఠి, నల్ల ఉప్పు దంచి, ఆ పొడిని దాణాలో కలిపి పెట్టించేది. దుడ్లు తీసుకునేది కాదు. "గొడ్డు నెమరేసినాక వాము తెచ్చియ్యి. ఇంకోళ్ల గొడ్డుకు అయితాది" అనేది.

నేను ఆమెకు దగ్గరైంది నా తప్పు వల్ల. మా ఇంట్లో పెళ్లి అయ్యాక అన్నం మిగిలింది. పారేయడానికి మనసొప్పక రెండు బకెట్లు పెద్ద బర్రెకు పెట్టాను. సాయంత్రానికి అది పడిపోయింది. పెద్దమ్మ వచ్చి, దాని ఎడమ డొక్కలో పిడికిలి ఆనించి, కడుపు ఆడుతోందో లేదో తెలిసేదాకా చాలాసేపు కదలకుండా కూర్చుంది.

"ఏమ్మే, బర్రెకు పెండ్లి బోజనం పెట్టినావా? తాంబూలం గూడా ఇయ్యకపోయినావా!" అంది. వెంటనే గొంతు మార్చి, "లోపల అన్నం పులిసిపోయింది. దీనికి నా పొడి పనికిరాదు. జల్దీ డాక్టర్ని పిల్సు" అంది.

తన మందు ఎక్కడ పనిచేయదో ఆమెకు తెలుసు. ఆ బర్రె బతికింది అందుకే.

ఆ తర్వాత నేను చిన్న తక్కెడ పట్టుకుని ఆమె పక్కన కూర్చుని, దాణాలో వేసే ప్రతి గుప్పెడూ తూచి పుస్తకంలో రాసుకున్నాను. ఒకరోజు తూకం ఇంకోరోజు రాలేదు. అడిగితే నవ్వింది.

"డొక్క ఎట్ల కదిల్తే అట్ల ఏస్తా. నీ తక్కెడకు అది తెలుస్తాదా? రా, ఈడ పిడికిలి పెట్టు. అది నీ చెయ్యిని తోసేదాకా తియ్యొద్దు."

"రేపు పెడతాలే పెద్దమ్మా, పొయ్యి మీద పప్పు ఉంది" అనేదాన్ని. మీకు దాచేదేముంది, పప్పు రోజూ ఉండేది.

ఇప్పుడు చిన్న బర్రె నిన్నటి నుంచి నెమరు వేయడం లేదు. డాక్టరు వచ్చి సూది వేసి, చూద్దామన్నాడు. పుస్తకంలోని తూకాల ప్రకారం పొడి దంచి పెట్టాను. మూతి తిప్పుకుంది. డొక్కలో పిడికిలి పెట్టి కూర్చున్నాను. ఏదీ నా చెయ్యిని తోయలేదు. లోపల కదలికే లేదో, నా చేతికి తెలియడం లేదో చెప్పేవారు ఇక మా వీధిలో లేరు.

పోయినసారి ఇచ్చిన పొడికి ఆమెకు నేనింకా శేరు వాము ఇవ్వాలి. సాయంత్రం ఆమెను మట్టి చేసి అందరూ తిరిగి వచ్చాక తీసుకెళ్లాను. పెద్దమ్మ కోడలు వాకిట్లో కూర్చుని ఉంది.

"ఇంగ ఎవురు దంచుతారక్కా? నువ్వే ఎత్తుకపో" అంది.

ఎత్తుకురాలేదు. పెద్దమ్మ రోలు ఖాళీగా ఉంటే అందులో పోసి వచ్చాను. నేను ఇల్లు చేరేసరికి చిన్న బర్రె అలాగే నిలబడి ఉంది, దవడ కదలకుండా. పుస్తకం తీసి రాశాను: పెద్దమ్మకు వాము, ఒక శేరు. చెల్లు.