వంటింటి వకీలు అంబాదాస్ గారు

మగ్గాల ఇళ్లలో నూలుకు పెట్టే గంజి వాసన ఒకటుంటుంది, కాస్త పులుపు, కాస్త మాడు. ఇప్పుడు ఇళ్లలో గంజి కాచేవాళ్లు తక్కువైపోయారు. నిన్న పొద్దున కోర్టుకు వెళ్తుంటే షోలాపూర్ జోడ్‌భావి పేటలో ఎవరి వాకిట్లోనో కాస్తున్నారు. ఆ వాసనకు కాళ్లు ముందుకు పడలేదు. అంబాదాస్ వకీలు గారి ఆఫీసులో ఎప్పుడూ అదే వాసన. ఆఫీసంటే ఏదో అనుకునేరు, మగ్గాల ఇంటి ముందు గది. గోడకు అవతల ఆయన తమ్ముడి మగ్గం టకటకమంటూ ఉంటే, ఇవతల ఆయన వచ్చినవాళ్ల గోడు వినేవారు. నల్లకోటు భుజాల మీద ఎప్పుడూ నూలుపీచు ఉండేది. "కోటు దులుపుకోరాదుండ్రి సాబ్" అని ఎవరైనా అంటే, "దులిపితే పేటల నన్నెవరు గుర్తుపడ్తరు?" అని నవ్వేవారు.

ఆయన నాయన కరీంనగర్ వైపు నుంచి పొట్ట చేతబట్టుకుని షోలాపూర్ వచ్చిన నేతగాడు. పేటలో పెద్దమనిషి అనిపించుకున్నాడు. కొడుకు చిన్నప్పుడు కండెలు చుట్టి, ఆ తర్వాత పూనాలో లా చదివి, తిరిగి ఆ గదికే వచ్చాడు. ఆ రోజుల్లో వకీలంటే మిల్లుల వ్యవహారాలు, భూముల తగాదాలు. అంబాదాస్ గారు వాటి జోలికి పోలేదు. మొగుడు వదిలేసిన ఆడదానికి పోషణ, తల్లీతండ్రీ చెరో వైపు లాగే పిల్లలు, దత్తతలు, అన్నదమ్ముల వాటాలు, తెగిపోయిన లగ్గాలు, ఇవే ఆయన కేసులు. తోటి వకీళ్లు "వంటింటి వకీలు" అని పేరు పెట్టి వెక్కిరించేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఆయన మాత్రం "అన్నం ఉడికేది ఆడనే గద" అనేసి తన పని చూసుకునేవారు.

ఆయన్ని నేను ఎరిగింది మా రుక్కక్క కేసులో. అప్పుడు నేను ఆడపిల్లల బడిలో టీచర్ని. అక్క మొదటి మొగుడు మరో ఆడదానితో ఉండిపోతే, పేట పెద్దలు కూర్చుని పోగు తెంపించారు. మా వాళ్లలో అదే ఇడుపు, అంటే విడాకులు. ఆలుమగలు ఒక నూలుపోగు చెరో కొస పట్టుకుంటారు, పెద్దమనిషి నడుమ కత్తిరిస్తాడు. ఇక ఎవరి దారి వాళ్లది. కాగితం ఉండదు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది, తెగిన లగ్గం మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తకూడదు, కన్నపిల్లల ముందు అసలే ఎత్తకూడదు. అక్క ఆ తర్వాత పాండు బావను మారుమనువాడింది. బిడ్డ పుట్టింది. సుఖంగా ఉందనుకుంటుండగానే బావ జ్వరంతో పోయాడు.

దినాలు కాగానే బావ అన్న రాజన్న అక్కను, బిడ్డను ఇంట్లోంచి వెళ్లగొట్టాడు. కొత్త హిందూ చట్టాలు వచ్చిన కాలం అది. ఎవరు నేర్పారో గానీ, "కోర్టుల ఇడుపు కాలే, గందుకే మా తమ్మునితోని జరిగింది లగ్గమే కాదు, ఈ ఇంట్ల నీకు, నీ బిడ్డకు హక్కు లేదు" అన్నాడు. ఇల్లు పోతే పోయింది, ఆ మాటతో మా అక్క ఉంచుకున్నది అయిపోయింది, దాని బిడ్డ తండ్రి పేరు లేనిది అయిపోయింది. అక్క అన్నం మానేసింది.

నేను అక్కను తీసుకుని ఆ గదికి వెళ్తే, అంబాదాస్ గారు అంతా విన్నారు. "కులాచారం ప్రకారం తెగిన లగ్గానికి కొత్త చట్టంల గూడ జాగ ఉన్నది. కని ఆ ఆచారం ఉన్నదని రుజువు చెయ్యాలె" అన్నారు. రుజువు ఎవరు చేస్తారు? అక్క పోగు తెంపించిన పెద్దలంతా రాజన్న ఇచ్చే నూలు మీద బతికేవాళ్లు. ఒక్కడికీ ఏదీ గుర్తు లేదు!

ఒకరోజు రాజన్న బజారుకు వెళ్లిన వేళ, ఆయన నన్ను వెంటబెట్టుకుని అక్క అత్త నర్సవ్వ దగ్గరికి వెళ్లారు. ఆమె చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆయన గడప బయటే చెప్పులు విడిచి, కింద కూర్చున్నారు.

"పెద్దమ్మా, నీ పోగు తెంపిన పెద్దమనిషి మా నాయనే. పోయేముందు నాకు చెప్పిండు. ఆయనుంటే సాక్ష్యానికి ఆయన్నే నిలబెడ్తుంటి."

నేను నోరు తెరిచాను. నర్సవ్వదీ మారుమనువే! బీడీ చుట్టే ఆమె వేళ్లు ఆగిపోయాయి.

"రాజన్నకు తెల్వది బిడ్డా" అంది.

"ఎర్కే. నువ్వు వద్దంటే ఈ మాట కోర్టుల ఎత్తను. రావాల్ననిపిస్తే రా."

ఆమె మళ్లీ తునికాకు అందుకుంది. తిరిగి వచ్చే దారిలో నేను గింజుకున్నాను. "కోర్టుల రాజన్నను గీ ఒక్క ముచ్చట అడిగితే కేసు గెలుస్తం గద సాబ్!"

"గెలుస్తం. ఆ ముసలామె మాత్రం రేపటికెళ్లి కొడుకు మొఖం చూడలేదు" అన్నారాయన.

విచారణ రోజు రాజన్న బోనులో ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. పోగు తెంపే ఆచారం మా పేటలో ఎన్నడూ లేదన్నాడు. అవతలి వకీలు నూలు తెంపితే లగ్గం తెగుతుందా, మరి ముడేస్తే అతుకుతుందా అని వెటకారమాడాడు. అందరూ నవ్వారు. అంబాదాస్ గారు లేచి ఏవో చిన్న ప్రశ్నలు వేశారు. అసలు ప్రశ్న వేయకుండానే కూర్చున్నారు. ఆయన మీద నాకు అంత కోపం ఎన్నడూ రాలేదు. పక్కన అక్క కళ్లు మూసుకుంది.

అప్పుడు వెనక నుంచి, "నేను చెప్త" అని గొంతు వినబడింది. నర్సవ్వ! కొంగు నడుముకు దోపుకుని నడిచి వస్తోంది. అంబాదాస్ గారు ఒక్క ఉదుటున లేచి, ఆమెను సాక్షిగా విచారించడానికి అనుమతి అడిగారు. జడ్జి గారు మరాఠీ ఆయన. గుమాస్తా ఒకడు ఆమె మాటలు మరాఠీలో చెబుతూ వచ్చాడు.

"ఖరే, నిజం చెప్తున్న సాయేబ్. నా మొదటి లగ్గం గూడ పోగు తెంపే ఇడిపిచ్చిన్రు. ఆ తర్వాతనే వీని నాయన నన్ను మనువాడిండు. ఇద్దరు కొడుకులను కన్న. నా కోడలుది లగ్గం కాదంటే నాది గూడ కాదు. మరి వీడెవరి కొడుకు? ఆ ఇల్లు వీనికెక్కడిది? అడుగుండ్రి."

జడ్జి గారు రాజన్నను మళ్లీ పిలిచారు. అతను తల్లి వైపు చూశాడు. ఆమె తల దించలేదు. చివరికి అతనే దించాడు.

"మా అవ్వది లగ్గమే సాబ్" అన్నాడు. మా అక్క వైపు తిరిగి, "మర్దలుది గూడ లగ్గమే" అన్నాడు.

నేను టీచర్నన్న సంగతి మరిచి కోర్టులోనే చప్పట్లు కొట్టాను. బంట్రోతు కసిరాడు. కసరనీ!

తీర్పు వచ్చిన రోజు నర్సవ్వ తానే టాంగా కట్టించి, కోడల్ని, మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని కొంతం చౌక్ మీదుగా ఇంటికి తీసుకెళ్లింది. బీడీలు చుట్టే ఆడవాళ్లంతా చాటలు పక్కన పెట్టి రోడ్డు మీదికి వచ్చారు. ఎవరో పేడాలు పంచారు, ఎవరో టపాకాయలు పేల్చారు. మా అక్క ఆ రోజు కడుపునిండా తింది. ఆ తర్వాత వారమో పది రోజులో, కోర్టులో వెటకారమాడిన ఆ వకీలే తన చెల్లెలి సంసారం గొడవ పట్టుకుని గంజి వాసన గదికి వచ్చాడు. అంబాదాస్ గారు ఒక్క ఎత్తిపొడుపు మాట అనకుండా చాప పరిచారు. నేనైతే అనేదాన్ని.

టీచరు పని మాని నేను లా చదివింది ఆయన పోరు పడలేకే. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఒక్క ప్రశ్నతో అవతలివాళ్లను కూలదోసే అవకాశం నాకూ చాలాసార్లు వచ్చింది. అలాంటప్పుడు ఆ ప్రశ్న ఎవరి బతుకు మీద పడుతుందో వాళ్ల గడప ముందు చెప్పులు విడిచి కింద కూర్చుంటాను. "అడగమంటవా, వద్దంటవా?" అంటాను. వద్దన్నవాళ్లున్నారు. ఆ ప్రశ్న మింగేసి ఇంకో దారి వెతుక్కున్నాను. ఆ కేసులూ గెలిచాను.