పళ్ళాసుపత్రిలో ఆఫ్రికా చేపలు

ఆ రోజుల్లో నాకు అన్నీ తెలుసు. ఇప్పుడు తలచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, నంద్యాలలో బీఎస్సీ జువాలజీ పాసై ఆళ్ళగడ్డకు తిరిగొచ్చిన ఆ ఏడాది, నాకు తెలియని విషయం అంటూ లోకంలో ఉండేది కాదు. ఎవరేం అడిగినా ‘తెలీదు’ అనే మాట నా నోట వచ్చేది కాదు. వస్తే మూడేళ్ళు బస్సు పాసు మీద తిరిగి చదివిన చదువంతా నీళ్ళపాలవుతుందని భయం. వీధిలో ఎవరి గేదె మేత మానేసినా, ఎవరి కోడి మెడ వేలాడేసినా మా నాయన "మా యమ్మి జువాలజీ చదివింది, అడుగుపోండి" అని పంపేవాడు. ఒకసారి నేను వెళ్ళి, గేదె చుట్టూ రెండుసార్లు తిరిగి, "జీర్ణక్రియలో తేడా వచ్చింది" అని గంభీరంగా చెప్పి వచ్చాను. (గేదె మర్నాడు ఈనింది. అయినా నాకు మంచి పేరే వచ్చింది. చెడిందంతా అక్కడే.)

ఆ ఊపులోనే ఊళ్ళో కొత్తగా పెట్టిన పళ్ళాసుపత్రిలో చేరాను. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం, లోపలికి పిలవడం, పుక్కిలించడానికి గ్లాసులో నీళ్ళు పోసి ఇవ్వడం నా పని. మా డాక్టరమ్మ కర్నూలు నుంచి వచ్చింది. మంచి పనిమంతురాలు. అయితే లోపల పన్ను తొలిచే మిషను చప్పుడు మొదలవగానే బయట బెంచీ మీద ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కునేవాళ్ళు. ఎదురుగా చేపల తొట్టి ఉంటే దాన్ని చూస్తూ భయం మరిచిపోతారని డాక్టరమ్మ ఎక్కడో విన్నది. వెంటనే మూడడుగుల గాజు తొట్టి ఒకటి తెప్పించింది. "నువ్వు జువాలజీ కదమ్మా, చేపలు నువ్వే చూసి తీసుకురా" అంది. "అదెంత పని మేడమ్" అన్నాను. చేపల గురించి నాకు తెలిసింది నిజానికి సొరచేప పొలుసు బొమ్మ గీయడం వరకే. చేతిలో ఫోనుంది, నాలుగు వీడియోలు చూసుకుని పోవచ్చు. కానీ చూస్తే తెలీదని నాకు నేను ఒప్పుకున్నట్టే కదా!

నంద్యాలలో ఒక సందులో రంగు చేపలు అమ్మే భాయ్ ఒకాయన ఉండేవాడు. నెరిసిన గడ్డం, ఎప్పుడూ తడిగా ఉండే చొక్కా చేతులు. నేను లోపలికి పోగానే ఆయన చేప చూపించకుండా ప్రశ్నలు మొదలుపెట్టాడు. "తొట్టి ఎంతది బేటీ? బోరు నీళ్ళా, కుళాయి నీళ్ళా? ఇంతకుముందు ఏమన్నా పెంచినావా?" ఒక పక్క రంగురంగుల చేపలు పిలుస్తుంటే ఈ విచారణేమిటని నాకు చిరాకేసింది. "నేను జువాలజీ అన్నా" అన్నాను. ఆయన నన్ను ఒకసారి, నా హ్యాండ్‌బ్యాగును ఒకసారి చూసి, "అట్లయితే నీకే తెలుసు" అని వల చేతికి తీసుకున్నాడు. నేను చీరలు ఎంచినట్టు ఎంచాను. దీపాల్లా మెరిసే చిన్న చిన్న నియాన్ టెట్రాలు పది. పొడుగాటి రెక్కలతో పెళ్ళికూతుళ్ళలా నడిచే ఏంజెళ్ళు రెండు. నిమ్మపండు రంగు ఆఫ్రికా చేపలు నాలుగు. చివరికి నా వైపే తిరిగి, కుక్కపిల్లలా నన్నే చూస్తున్న ఆస్కార్ ఒకటి. అది నా గుప్పెడంత ఉంది. భాయ్ ఆగలేక "ఆస్కార్‌నూ టెట్రాలనూ ఒకే తొట్టిలో వేస్తావా?" అన్నాడు. "ఆస్కార్, ఏంజెల్, ఆ పసుపుపచ్చవి, అన్నీ సిక్లిడ్ కుటుంబమే అన్నా. ఒకే కుటుంబం కదా, కలిసిపోతాయి" అన్నాను. (మా నాయనా, మా చిన్నాయనా ఒకే గోడకు అటూ ఇటూ ఉంటూ ఆరేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. ఆ ఇంట్లో పుట్టి పెరిగి ఆ ముక్క ఎలా అన్నానో నాకిప్పటికీ అర్థం కాదు.) భాయ్ సంచుల్లో గాలి నింపి రబ్బరు బ్యాండ్లు బిగించాడు. తిరుగు బస్సులో నా పక్కన కూర్చున్న ముసలమ్మ నా ఒళ్ళోని సంచులను చాలాసేపు చూసి, "ఇంతింత ఉండాయి, ఈటితో ఏం పులుసైతాది పాపా?" అని జాలిపడింది.

మొదటి వారం నేను ఆళ్ళగడ్డలో పెద్దమనిషిని. పన్ను నొప్పి లేనివాళ్ళు కూడా ఆసుపత్రికి వచ్చారు. ఫలానా చేప ఏం తింటుంది, ఎన్నాళ్ళు బతుకుతుంది అని అడిగితే తడుముకోకుండా జవాబులు చెప్పాను. రెండో వారం ఒకామె వేలు పెట్టి టెట్రాలను లెక్కబెట్టి "ఏమ్మా, మొన్న పది ఉండె, ఈ పొద్దు ఏడే ఉండాయే?" అంది. "చెట్టు వెనక దాక్కున్నాయక్కా" అన్నాను. తొట్టిలో ఉన్నది ఒకే ఒక్క ప్లాస్టిక్ చెట్టు. దాని వెనక ఒక టెట్రా దాక్కోవడమే కష్టం. మూడు రోజులకు అవి నాలుగయ్యాయి. ఆస్కార్ పొట్ట మాత్రం గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉంది. నాకు అర్థమైంది. అర్థమైనా, రోజూ పొద్దున తొట్టి ముందు నిలబడి అర్థం కానట్టు నాలో నేనే నటించేదాన్ని.

ఒక సోమవారం పదకొండు గంటలప్పుడు బెంచీ నిండా జనం. ఆరేళ్ళ పాప ఒకతి అద్దానికి ముక్కు ఆనించి చివరి టెట్రాను చూస్తోంది. ఆస్కార్ నింపాదిగా వచ్చి నోరు తెరిచింది. తోక మాత్రం కాసేపు బయట ఆడింది. ఆ పాప పెట్టిన కేకకు లోపల మిషను ఆగిపోయింది. బెంచీ మీద ఆరుగురిలో నలుగురు లేచి వెళ్ళిపోయారు. చేతికి గ్లవుజులతోనే బయటికొచ్చిన డాక్టరమ్మ "ఏమైంది?" అంది. ఆమె కళ్ళలోకి చూస్తూ నేనన్న మాట గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. "ఇది ఎకోసిస్టం మేడమ్. ప్రకృతి ధర్మం." ఆమె దాదాపు ఖాళీ అయిన బెంచీ వైపు చూసి, "ఇంకో చేప పోయిందంటే తొట్టి తీయించేస్తాను. పని ఒప్పజెప్పేటప్పుడు మనిషిని చూసి ఒప్పజెప్పాల్సింది" అంది. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది.

వెళ్ళిపోకుండా ఉండిపోయిన ఇద్దరిలో ఒకాయన అహోబిలానికి జీపు తోలే మామ. (నాకేం చుట్టం కాదు. ఊళ్ళో అందరికీ జీపు మామే.) దవడ వాచి, తలకు తుండుగుడ్డ చుట్టుకుని ఆయన పది రోజులుగా ఆసుపత్రికి వస్తున్నాడు. పేరు రాయించుకుంటాడు, తొట్టి ముందు కూర్చుంటాడు, తన వంతు రాగానే "ఈ పొద్దు వద్దులే యమ్మీ, రేపు సూద్దాం" అని లేచిపోతాడు. ఆ పూట మాత్రం లేవలేదు. "ఏంజెల్ రెక్క సూసినావా?" అన్నాడు. చూడలేదు. చూస్తే, పెద్ద ఏంజెల్ రెక్క అంచు చింపిన గుడ్డలా పీలికలై ఉంది. అది పైమూల నీటి అంచున నక్కి ఉంది.

"పసుపువి కొరుకుతాండాయి. ఆస్కార్ పొద్దన మేపయ్యేదాకా గమ్మునుంటాది, ఆపైన తిరుగుతాది. అది అటు పోయినప్పుడు పసుపువి ఇటొచ్చి ఏంజెల్‌ను తరుముతాండాయి. వారం నుంచి ఇదే తంతు" అన్నాడు మామ.

"మరి నాకు చెప్పలేదేం మామా?"

"నీకు అన్నీ తెలుసంటివే!" అన్నాడు. ఎగతాళి లేదు ఆ గొంతులో. నిజంగానే నమ్మాడు మనిషి. "సూడు యమ్మీ, నా జీపులో పద్నాలుగు మంది ఎక్కుతారు. పెండ్లి మాటలు చెడిన రెండిండ్లోళ్ళు ఒక్కోసారి ఒకే జీపెక్కుతారు. పక్కపక్కన కూసోబెడితే ఊరు దాటకముందే తన్నుకుంటారు. అందుకే ఒకర్ని ముందర, ఇంకొకర్ని ఎనక కూసోబెట్టి, నడమ పూలగంపలు పెడ్తా. నువ్వు నడమ ఏం పెట్టినావు ఈట్లో?"

"ప్లాస్టిక్ చెట్టు."

"ఒగటేనా?" అన్నాడు మామ, ఆ పీలికల రెక్క వైపు చూస్తూ. నాకు ఏడుపొచ్చింది. అది ఉద్యోగం పోతుందన్న ఏడుపు కాదు. ఆ చేప మూలన నక్కి ఒక్కటే ఊగుతోంది, దాన్నక్కడికి తెచ్చి పడేసింది నేను.

మర్నాడు సెలవు పెట్టి, ఏంజెల్‌ను సంచిలో వేసుకుని నంద్యాల బస్సెక్కాను. దారి పొడుగునా ఏం అబద్ధం చెప్పాలా అని ఆలోచించాను. కరెంటు పోయిందనవచ్చు, ఎవరో పిల్లవాడు తొట్టిలో చెయ్యి పెట్టాడనవచ్చు. ఒకటి రెండు బాగానే కుదిరాయి కూడా. కానీ భాయ్ ఆ సంచిని వెలుతురుకెత్తి చూసి, ఏమీ అడక్కుండా, చేపను ఉప్పు కలిపిన వేరే తొట్టిలోకి మెల్లగా జార్చేసరికి నా అబద్ధాలన్నీ గొంతులోనే ఉండిపోయాయి. "భాయ్, నాకేమీ తెలీదు" అన్నాను. ఇల్లు కూలుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. ఆయన స్టూలు జరిపి, "కూర్చో బేటీ. ఆ పొద్దే అడుగుదామనుకుంటి, నువ్వు అడగనీలేదు" అన్నాడు.

ఆ స్టూలు మీద గంటసేపు కూర్చున్నాను. మూడేళ్ళ చదువు కంటే ఎక్కువ నేర్చుకున్నానంటే మా లెక్చరర్లు నొచ్చుకుంటారు గానీ, ఇంచుమించు అంతే. "చేప రంగు చూడొద్దు, నోరు చూడు. ఎవరి నోట్లో ఎవరు పడతారో ముందు అది చూసుకోవల్ల" అన్నాడు. ఆస్కార్ ఏడాదిలో జానెడు దాటుతుందట, మూడడుగుల తొట్టి దానికి చాలదట. ఏంజెళ్ళకు మెత్తటి నీళ్ళు, నెమ్మదైన ఇరుగుపొరుగు కావాలట. "మీ బోరు నీళ్ళకు బకెట్ అంచున తెల్ల పొర కడుతుందా?" అని అడిగాడు. కడుతుంది, గీకినా పోదు అన్నాను. ఆయన ముఖం వెలిగింది. "అయితే దేవుడిచ్చినట్టే. ఆఫ్రికా సరస్సుల నీళ్ళూ అట్లాంటివే. పసుపువి మీకు సరిపోతాయి. నాలుగు కాదు, పన్నెండు వేయి."

"నాలుగే కొట్టుకుంటుంటే పన్నెండా భాయ్?"

"నాలుగుంటే అన్నీ కలిసి ఒకదాన్నే సావగొడతాయి. పన్నెండుంటే కోపం పంచుకుంటాయి. దాక్కోవడానికి మాత్రం రాళ్ళు పెట్టల్ల, బొరియలు బొరియలుగా."

సాయంత్రం ఆసుపత్రికి పోయి డాక్టరమ్మతో ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఎకోసిస్టం కూడా వెనక్కి తీసుకున్నాను. ఆమె చేతులు కడుక్కుంటూ అంతా విని, "నాకు ఏదైనా పన్ను దగ్గర అనుమానం వస్తే కర్నూల్లో మా సార్‌కు ఫోన్ చేస్తాను. పేషెంటు ముందే చేస్తాను. ఎప్పుడూ చూళ్ళేదా?" అంది. చాలాసార్లు చూశాను. మందులు ఆర్డరిస్తోందేమో అనుకున్నాను.

ఆస్కార్, మిగిలిన ఏంజెల్ భాయ్ దగ్గరికి చేరాయి. పసుపువి ఇంకో ఎనిమిది వచ్చాయి. రాళ్ళు జీపు మామ తెచ్చాడు. బనగానపల్లె వైపు ఇళ్ళలో పరిచే నాపరాయి ముక్కలు, జీపు వెనకసీటు నిండా. వాటిని బ్రష్షుతో రుద్ది కడిగి, మోచేతుల దాకా నీళ్ళలో ముంచి, "ఇది ముందు సీటు, ఇది ఎనక సీటు" అనుకుంటూ ఆయనే పేర్చాడు. పని పూర్తయ్యేసరికి డాక్టరమ్మ తలుపు దగ్గర నిలబడి, "ఎట్లాగూ వచ్చారు, కుర్చీ ఖాళీగా ఉంది" అంది. మామ ముఖం పాలిపోయింది. నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "నొప్పి పుడతాదా యమ్మీ?" అన్నాడు. నెల కిందటి నేనైతే ‘అస్సలు పుట్టదు మామా, నరాల మీద చదువుకున్నాను’ అని ఉండేదాన్ని. "తెలీదు మామా. నేనెప్పుడూ పన్ను పీకించుకోలేదు. పక్కన నిలబడమంటే నిలబడతా" అన్నాను. ఆయన ఓ క్షణం నన్ను చూసి నవ్వాడు. తుండుగుడ్డ విప్పి నా చేతికిచ్చి లోపలికి నడిచాడు.

రెండు నెలల తర్వాత ఒక పసుపు చేప మేత ముట్టడం మానేసింది. దవడ కింద ఉబ్బి, నోరు గట్టిగా మూసుకుని, రాళ్ళ మధ్యనే ఉంటోంది. బెంచీ మీదివాళ్ళకు అనుమానమే లేదు. "దానికీ పన్ను వాచింది మేడమ్, ఒగతూరి సూడండి" అని డాక్టరమ్మను పిలిచారు. ఆమె నిజంగానే టార్చి తెచ్చి చూసింది. నేను భాయ్‌కి ఫోన్ చేశాను. "నోట్లో గుడ్లుంటాయి బేటీ. పిల్లలయ్యేదాకా తిండి తినదు. కదిలించొద్దు" అన్నాడు. ఫోను పెట్టేసి మళ్ళీ ఆ చేప వైపు చూశాను. నోట్లో పిల్లల్ని సాకే చేపల మీద పరీక్షలో నాకు పది మార్కుల ప్రశ్న వచ్చింది. బొమ్మతో సహా రాశాను. లెక్చరర్ నా జవాబును క్లాసులో చదివి వినిపించారు కూడా. అదే చేప కళ్ళెదుట నోరు మూసుకుని నిలబడితే, నేను కూడా పన్ను వాచిందనే అనుకున్నాను.

ఆ చేప పిల్లలు బయటికొచ్చిన రోజు మాకెవరికీ పని సాగలేదు. తల్లి నాపరాయి నీడలో నోరు తెరిచింది. మెంతిగింజంత పిల్లలు ఒక్కొక్కటే బయటికొచ్చి, ఏదో అలికిడైతే మళ్ళీ అన్నీ లోపలికే దూరాయి. డాక్టరమ్మ మిషను ఆపేసి వచ్చి నిలబడింది. లోపల కుర్చీలో నోటి నిండా దూది పెట్టుకున్న పెద్దాయన కూడా లేచొచ్చి నిలబడ్డాడు. ఎవరూ నన్నేమీ అడగలేదు. నేనూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. అందరితో పాటు చూస్తూ ఉన్నాను, అంతే.

ఇప్పుడు నేను నంద్యాలలో ఒక బళ్ళో సైన్సు చెబుతున్నాను. అప్పుడప్పుడు, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, ఆళ్ళగడ్డలో తలెత్తుకుని తిరిగిన ఆ పిల్ల గుర్తొస్తుంది. ఇస్త్రీ చున్నీ, భుజాన హ్యాండ్‌బ్యాగు, అడగకముందే జవాబు. నాకు ఆ పిల్ల మీద కోపం రాదు. పాపం, రోజంతా అన్నీ తెలిసినట్టు ఉండాలంటే ఎంత అలసట! ఎదురుపడితే ఏమీ అనను. పక్కన కాస్త చోటిచ్చి, కూర్చోమంటాను.