ఎండలోకి నన్ను మళ్లీ నడిపించిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, పోయిన వేసవిలో చాలా రోజులు నేను పగటిపూట గుమ్మం దాటలేదు. మందిరానికి రాకపోతే ఇంకా జ్వరమేమో అనుకున్నారు మీరంతా. మలేరియా వచ్చిన మాట నిజమే, తగ్గిన మాటా నిజమే, కానీ తగ్గీ తగ్గకముందే కాఫీ నర్సరీలో పనికి పరుగెత్తాను, మన కొండల్లో ఎన్నడూ ఎరగని ఎండ, నారు సంచులకు నీళ్లు పోస్తూ పోస్తూ మిట్టమధ్యాహ్నం అక్కడే పడిపోయాను, కళ్లు తెరిచేసరికి ఆసుపత్రిలో ఉన్నాను. ఒళ్లు బాగుపడింది, ఎండంటే భయం మాత్రం ఉండిపోయింది.

పొద్దెక్కితే చాలు, గుండె దడదడ. ఇంట్లో కూర్చోలేను, బయటికి పోలేను, పొయ్యి దగ్గర నుంచి తలుపు దాకా, తలుపు నుంచి పొయ్యి దాకా కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని, చేట పట్టుకుంటే అవతల పెట్టేదాన్ని, చీపురు పడితే సగంలో వదిలేసేదాన్ని. తొలకరికి ముందు రాకపోతే నీ చోట ఇంకొకరిని పెట్టుకుంటామని నర్సరీ మేస్త్రీ కబురు పంపాడు. ఆ పనంటే నాకు ప్రాణం. అది పోతే ఇక ఈ నాలుగు గోడల మధ్యే నా బతుకు తెల్లారిపోతుందని ఏడ్చాను. “ప్రభువా, ఈ భయాన్ని ఇవాళే పీకెయ్యి, రేపటిదాకా ఉంచకు, నేనాగలేను” అని మోకాళ్ల మీద పడి ఆయనతో పోట్లాడాను. పాస్టరమ్మగారు వచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు, మర్నాడు ఒక్క ఉరుకున వాకిట్లోకి దూకాను, రెండడుగులు వేశానో లేదో వణుకుతూ లోపలికొచ్చి పడ్డాను. దాచడమెందుకు, దేవుని మీదే కోపం వచ్చింది.

మా అత్త సంగతి మీకు తెలుసు. ఆమె మందిరానికి రాదు, కొండదేవతకే మొక్కుతుంది. ఇంటి వెనక మేము సొంతానికి కాఫీ నారు పెంచుతున్నాం, పైన జీలుగ చెట్టు ఆకుల మట్టలతో నీడకు పందిరి వేశాం. నా ఏడుపు విని అత్త వచ్చి, చెయ్యి పట్టి లాక్కుపోయి ఆ పందిరి కింద కూర్చోబెట్టింది.

“ఒక్కపాలి పందిరంతా పీకెత్తే నారు బతుకుద్దేటే? మాడి సత్తది. రోజుకో మట్ట తీత్తాం గదా. నీకెందుకే అంత బేగి?” అంది.

నర్సరీలో ఏళ్ల తరబడి నేను చేసిన పనే అది, ఆమె నాకు చెప్పింది! వానలకు ముందు నారు ఎండకు అలవాటు పడాలని నీడ కొంచెం కొంచెంగా తీస్తాం. మనిషికీ అలాగే చెయ్యొచ్చని నాకు తోచలేదు.

ఆ రోజు నుంచి పొద్దున్నే అత్త ఒక మట్ట తీసేది, నేను కింద కూర్చుని కలుపు పీకేదాన్ని, నీళ్లు పోసేదాన్ని, పందిరి గుంజల పక్కన చిక్కుడు గింజలు కూడా పెట్టాను. ఎండ ముందు పాదాల మీద పడింది, తర్వాత ఒళ్లోకి వచ్చింది, గుండె అదిరేది, “యేసయ్యా, ఇంకొక్క మట్ట, ఈ ఒక్కటి ఓర్చుకోనియ్యి” అనేదాన్ని. కొన్ని రోజులు ఓర్చుకోలేక లోపలికి పరుగెత్తాను. “ఏటే పారిపోతన్నావు, నారు నవ్వుతంది నిన్ను సూసి” అని అత్త వెనక నుంచి కేకలేసేది. సిగ్గుపడి మళ్లీ వచ్చేదాన్ని. చివరి మట్ట తీసిన రోజు ఎండ నడినెత్తిన పడుతుంటే ఏడుస్తూనే కలుపు తీశాను, లేవలేదు. ఆ వారంలోనే నర్సరీకి నడిచి వెళ్లి నా పనిలో నిలబడ్డాను. దేవునికే మహిమ!

ఇప్పటికీ కొన్ని మధ్యాహ్నాలు గుండె అదురుతుంది, ఆయన పేరు పిలుస్తూ పని చేసుకుంటాను. నేను ఒక్క రోజులో కావాలన్నాను, ఆయన వేసవంతా తీసుకున్నాడు, అదీ తన పేరు పలకని మనిషి చేత చేయించాడు. ఆమె కోసం ప్రార్థించండి. ఆమెకు మాత్రం చెప్పకండి, నన్ను తిడుతుంది.

ఈ ఎండల్లో మన పల్లెల్లో ఏ అక్కో చెల్లో తలుపు దగ్గరే ఆగిపోయి ఉంటే, విశ్వాసం చాల్లేదని అనకండి. నాకు కబురు చెయ్యండి. ప్రభువును నమ్ము, ఆయన ఆలస్యం చేసినా వదిలిపెట్టడు అని చెబుతాను. చెప్పేసి వచ్చెయ్యను. ఆమె బయటికి రాగలిగేదాకా లోపలే, ఆమె పక్కనే కూర్చుంటాను. ఆమెన్.