బెంచీల బావ పారేసుకోని కాగితం

మా అక్క భర్తను వీధిలో అందరూ బెంచీల మేస్త్రి అంటారు. నేను బెంచీల బావ అంటాను. పిల్లలు ఎక్కి గెంతినా కిర్రుమనని బెంచీ చేయడం తప్ప ఆయనకు మరో విద్య రాదు. బేరమాడడం అసలే రాదు. ఎదుటివాడు మొహం కాస్త చిన్నబుచ్చుకుంటే చాలు, తనే ధర తగ్గించి ఊపిరి పీల్చుకుంటాడు.

సర్కారు బడులకు నాలుగు వందల బెంచీలు చేసి పంపాడు. కలప అప్పు తెచ్చి కొన్నదే. బిల్లు మాత్రం కదల్లేదు. ఆఫీసులో ఎప్పుడడిగినా "వచ్చే నెల" అనేవారు. ఆ వచ్చే నెల కోసం రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగాడు. నేను వాళ్ళింట్లోనే ఉంటాను, కోర్టులో నకళ్ళు టైపు చేస్తాను. కేసు వేయమని రోజూ పోరుపెట్టేదాన్ని.

"వాళ్ళ మీద కేసేంటి మరదలా? రేపు మొహమొహాలు చూసుకోవద్దూ?" అనేవాడు.

ఆ ఆఫీసులో స్టోర్సు చూసే పెద్దాయనకు ఒకరోజు జాలేసింది. బెంచీలన్నీ అందాయనీ, డబ్బు ఇంకా ఇవ్వాలనీ ఆఫీసు కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చాడు. బావ దాన్ని బీరువాలో భద్రంగా పెట్టుకున్నాడు.

వారం తిరక్కుండా పెద్దాయన ఇంటికి వచ్చాడు. బావ కార్ఖానాలో ఉన్నాడు, అక్క బజారుకు వెళ్ళింది. నేను మంచినీళ్ళిస్తే ఆయన తాగకుండా గ్లాసు పక్కన పెట్టాడు.

"పైవాళ్ళనడక్కుండా రాసిచ్చానమ్మా. వచ్చే నెల్లో రిటైరవుతున్నా. అది బయటపడితే నా పెన్షనాపేస్తారు. నీకు దణ్ణం పెడతా, ఇచ్చెయ్యి తల్లీ."

తండ్రి వయసు మనిషి చేతులు జోడించేసరికి బీరువా తెరిచాను. తీసి ఇచ్చేశాను. పొద్దస్తమానం నకళ్ళతోనే బతికేదాన్ని, దానికో నకలు తీసుకోవాలని తోచలేదు. నా బుద్ధి గడ్డి తింది.

ఆ సాయంత్రం బావను పక్కకు పిలిచి చెప్పాను. "పోన్లే, పెద్దాయన పెన్షన్ నిలబడింది," అని మాత్రం అన్నాడు. తిట్టినా బాగుండేది.

కార్ఖానా తాకట్టు పడి, పనివాళ్ళిద్దరినీ మాన్పించాక గానీ కోర్టుకు ఎక్కలేదు. అప్పటికి బెంచీలు పంపి మూడేళ్ళు దాటిపోయాయి. లాయరమ్మ తల పట్టుకుంది.

"గడువైపోయింది మేస్త్రిగారూ. బాకీ ఉందని గడువులోపల వాళ్ళు రాసిచ్చిన కాగితం ఒక్కటుంటే చాలు, ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళొస్తాయి. ఉందా?"

జడ్జిగారూ అదే అడిగారు. బావ బోనులో నిలబడి, "ఉండేదండీ. నేనే పారేసుకున్నాను," అన్నాడు.

నేను వెనక వరసలో ఉన్నాను. లేచి నిజం చెప్పాల్సింది. నా ఉద్యోగం గుర్తొచ్చింది, పెద్దాయన జోడించిన చేతులూ గుర్తొచ్చాయి. లేవలేదు. చెబితే కేసు నిలబడేదో లేదో నాకు తెలియదు. చెప్పలేదని మాత్రం తెలుసు.

కాలదోషం పట్టిందని కేసు కొట్టేశారు. తీర్పు నకలు కోసం కాగితాలు నా బల్ల మీదికే వచ్చాయి. "వాది తన నిర్లక్ష్యం వల్ల" అన్న ముక్క దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. నకలు తీసేవాళ్ళకు ఒక్క అక్షరం మార్చే అధికారం ఉండదు. ఉన్నదున్నట్టు కొట్టాను.

కార్ఖానా పోయింది. బావ ఇప్పుడు ఇంకొకరి కార్ఖానాలో రోజుకూలీకి చిత్రిక పడుతున్నాడు. అక్కతో కూడా తనే పారేసుకున్నానని చెప్పాడట.

"ఒక్క కాగితం దాచుకోలేని మనిషిని కట్టుకున్నాను," అని అక్క ఇప్పటికీ భోజనాల దగ్గర సాధిస్తూనే ఉంటుంది. బావ తల వంచుకుని తింటాడు. నేను నోరు తెరవబోతే కళ్ళతోనే వద్దంటాడు. వద్దన్నాడు కదా అన్న వంకతో నేనూ తినేసి లేస్తాను.