ఈజిప్టు కన్నుకు జత

కదిరిలో ఒక నగల దుకాణంవాళ్లు తమ పనిశాలకు నన్ను మేస్త్రీగా పెట్టుకున్నారు, జనం సెల్‌ఫోన్లో బొమ్మ చూపించి నగలు అడగడం మొదలుపెట్టిన కొత్తలో. మేస్త్రీ అంటే నలుగురు కంసాలులకు బంగారం తూచి ఇచ్చి, తయారైన నగను తూచి తీసుకొని, తప్పు జరిగితే తిట్లన్నీ ఒక్కడే తినేవాడు. ఆరో తరగతిలో బడి మానేసినవాడికి ఇంతకంటే పెద్ద హోదా ఏముంటుంది?

ఆ శ్రావణంలో విజయమ్మ మేడం వచ్చింది. కాలేజీలో చరిత్ర చెప్పేది. ఈజిప్టు రాజుల కాలం నాటి బంగారు పతకం ఫోన్లో చూపించింది. ఒక కన్ను, పైన కనుబొమ్మ, కింద చెంప మీదికి చుట్ట తిరిగిన ఒక గీత. అది వాళ్ల డేగ దేవుడి కన్నట. దెబ్బతిని మళ్లీ బాగైందట. మేడం తల్లికి ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. రెండోదానికి ఆవిడ ససేమిరా అంటోంది. బాగైన కంటికి గుర్తుగా ఈ పతకం ఇస్తే మనసు మారుతుందేమోనని కూతురి ఆశ. ఎనిమిది గ్రాముల పాత గొలుసు ఇచ్చి, శుక్రవారానికి కావాలంది.

ఈ పని కంసాలులకు ఇవ్వకుండా నేనే చేద్దామని బొమ్మను పెద్దది చేసి చూశాను. అతుకు ఎక్కడుందో కనబడలేదు. గ్యాసు మంట లేని రోజుల్లో ఊదుగొట్టంతో అంత పని చేసినవాడికి బుగ్గలు ఎన్నాళ్లు నొప్పెట్టాయో. చెంప మీది గీత మాత్రం కాటుక కారినట్టే ఉంది. సరిచేద్దామనిపించినా చేయి ఆపుకున్నాను.

ఆపుకోవాల్సింది అక్కడ కాదు. రేకును లక్క మీద అతికించి, వెనక నుంచి ఉలితో కొట్టి బొమ్మను ఉబ్బెత్తుగా తేవడాన్ని నకాషీ అంటాం. ఆ పనిలో అమ్మవారి మొక్కుబడి కళ్లు ఎన్ని జతలు చేశానో లెక్కలేదు. ఒక్క కన్ను చేయడమనేది మాలో లేనే లేదు. చేయి తన అలవాటున పోయింది. తరుగు పోను మిగిలిన బంగారం రెండు కళ్లయింది.

శుక్రవారం డబ్బా తెరిచి మా యజమాని నాగరాజన్న నన్ను చూసిన చూపుకంటే ఆ డేగ చూపే నయం.

“ఏమప్పా, ఒకటి జేయమంటే రెండు జేసినావే?”

“ఒంటికన్ను యాడన్నా జేస్తారా అన్నా? పాపం సుట్టుకుంటాది.”

“పాపం సంగతి తర్వాత. ఆయమ్మ వద్దంటే రేపట్నుంచి నీకు ఈడ పని ల్యా.”

అంతలోనే మేడం తల్లితో సహా దిగింది. డబ్బా చూసి ఆమె కళ్లను ఒకటి, రెండు అని లెక్కపెట్టింది. పెద్దామె మాత్రం కళ్లను బాగైన కంటికి దగ్గరగా పెట్టుకొని చూసింది.

“విజయా, నువ్వు ఒకటే అడిగింటివా?”

“ఊ, అమ్మా.”

“ఈయప్పకుండే బుద్ధి నీకు ల్యాకపాయ. ఒగదానికి నగ పెట్టి, ఇంగోదాన్ని బిచ్చానికి పంపుతావా?” నా వైపు తిరిగింది. “వీటిని కమ్మలు జేసిస్తావా నాయనా?”

“జేస్తా గానీ, రెండు కండ్లతో సూసినాకే ఇస్తానమ్మా. ఒంటికంటితో సూసి బాగల్యాదంటే నేనేం జేసేది?”

ఆవిడ నవ్వడం మొదలుపెట్టి చాలాసేపటికి గానీ ఆపలేదు. “అయితే డాక్టరుకు చెప్పు విజయా” అంది. మేడం కళ్లు తుడుచుకుంటూ, ఈజిప్టులో కూడా ఆ డేగ దేవుడికి కుడికన్ను సూర్యుడు, ఎడమకన్ను చంద్రుడని, తనకే ముందు తట్టలేదని చెప్పింది. నాగరాజన్న అందరికీ టీ తెప్పించాడు. నా ఉద్యోగం నిలిచిందని అలా తెలిసింది.

దసరా ముందు పెద్దామె వచ్చి కమ్మలు పెట్టుకొని అద్దంలో చూసుకుంది. కుడిదానికంటే ఎడమదానికి కాటుక కొంచెం ఎక్కువ కారిందని తప్పు పట్టింది. కొలిచి చూశాను. నిజమే. ఆపరేషన్ బాగా జరిగింది.

మా ఆర్డరు చీటీలో బరువుకు, క్యారెట్‌కు, తేదీకి గళ్లు ఉండేవి. ఎన్ని కావాలనే గడి లేదు. అది నేనే గీశాను. దేవుడు ఏ దేశంవాడైనా సరే, రేకు కోసే ముందు ఆ గడి నింపించాలి.