ఎదకు రాకముందే

స్పిరిటు వాసన, దాని వెనకే తడిసిన కుక్క బొచ్చు వాసన. ఆ రెండూ కలిసి ముక్కుకు తగిలితే చాలు, నేను డెబ్బై ఐదేళ్ల ముసలిదాన్నన్న సంగతి మరిచిపోతాను. పోయిన వారం మా మనవరాలు మేఘన తన కుక్కపిల్లను డాక్టరుకు చూపించాలంటే తోడు వెళ్ళాను. వైట్‌ఫీల్డ్‌లోని ఆ క్లినిక్‌కు అద్దాల తలుపులు, లోపల చల్లటి గాలి, మెత్తటి కుర్చీలు. కానీ తలుపు తెరవగానే వచ్చింది ఆ పాత వాసనే. కుర్చీలో కూర్చున్నానే గానీ, మనసు నగర్తపేట సందులోకి, వెంకటరమణప్పగారి డిస్పెన్సరీ ముందు గదిలోకి వెళ్ళిపోయింది.

వెంకటరమణప్పగారు పశువుల డాక్టరు. ముళబాగిలు వైపు రైతుల ఇంట్లో పుట్టి, చదువుకుని బెంగళూరు వచ్చి, తన ఇంటి ముందు రెండు గదుల్లోనే వైద్యం చేసేవారు. పేటలో బండ్లు లాగే ఎద్దులు, పాలవాళ్ల బర్రెలు, కంటోన్మెంటు నుంచి కార్లలో వచ్చే కుక్కలు, అన్నీ ఒకే వరుసలో నిలబడాల్సిందే. కారు వచ్చింది కదా, ఎద్దును కాస్త పక్కకు జరపమని ఎవరన్నా అంటే ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చేది. అరవైల చివర్లో, పద్దెనిమిదేళ్ల వయసులో, నేను ఆయన దగ్గర మందుల చీటీలు రాసే పనికి కుదిరాను. ఆయన చేతిరాత ఆయనకే అర్థమయ్యేది కాదు, నాకేమో తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడూ రాయడం వచ్చు. మా ఇల్లు పక్క సందులోనే. మా నాయన వీధి గదిలో మగ్గం పెట్టుకుని జరీ అంచులు నేసేవాడు.

ఒక వానాకాలం పొద్దున డిస్పెన్సరీ గడప దగ్గర ఎవరో గంపలో ఒక ఆడ కుక్కపిల్లను వదిలిపోయారు. అచ్చం రాగిముద్ద రంగు. నేను ఇంటికి తీసుకుపోయి రాగి అని పేరు పెట్టాను. అమ్మ రెండు రోజులు సణిగింది, మూడో రోజు తనే అన్నం కలిపి పెట్టింది. నాలుగు నెలలప్పుడు సూది వేయించడానికి తీసుకుపోతే డాక్టరుగారు దాని నడుము చుట్టూ చేత్తో కొలిచి చూశారు. "సన్న నడుము కుక్క ఇది. ఈనేటప్పుడు ప్రాణం మీదికి వస్తాది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేస్తాం. ఎదకు రాకముందే తీసుకురా సుశీలా. వచ్చినాక అయితే కష్టం," అన్నారు. నేను తల ఊపాను. ఆ ముందు నెలలోనే కడుపులో పిల్ల అడ్డం తిరిగి ఒక కుక్క మా బల్ల మీదే చచ్చిపోయింది. దాని కళ్ళు నాకింకా గుర్తున్నాయి. రాగికి ఆ గతి పట్టకూడదని గట్టిగా అనుకున్నాను.

ఇంతకూ నేను పేటలో పుట్టి పెరిగినదాన్ని. ఆవు కడుపుతో ఉండటం, ఈనడం చూశాను గానీ అంతకు ముందు సంగతులు మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. నాకు తెలిసిన ఎద రొమ్ము ఒక్కటే. రాగి వెనక కాళ్ల మీద లేచి నా మీద ముందు కాళ్లు వేసేది కదా, అవి నా ఎద ఎత్తుకు రాకముందే తీసుకురమ్మన్నారని అర్థం చేసుకున్నాను. ఎంత తెలివో చూడండి. ప్రతి ఆదివారం దాన్ని పెరటి గోడకు ఆనించి నిలబెట్టి, దాని కాళ్లు ఎంతవరకు వచ్చాయో అక్కడ బొగ్గుతో గీత గీసేదాన్ని. అన్నిటికన్నా పైన నా రొమ్ము ఎత్తులో ఒక లావు గీత. ఒకరోజు నాయన నూలు చుట్టిన కండె చేత్తో పట్టుకుని పెరట్లోకి వచ్చాడు.

"ఏందమ్మా ఈ గీతలు? గోడంతా పాడైపోతా ఉండాది."

"రాగి ఎంత ఎత్తు పెరిగిందో చూస్తా ఉండా నాయనా. ఎదకు రాకముందే తీసుకురమ్మన్నారు డాక్టరు."

నాయన నన్ను చూశాడు, గోడను చూశాడు. "అది... ఆయన్నే ఇంకోతూరి అడుగు," అని గబగబా లోపలికి వెళ్ళిపోయాడు. ఈ మాత్రం దానికి మళ్ళీ అడిగేదేముంది అనుకున్నాను. అడగలేదు.

ఏడో నెలలో ఒక పొద్దున చాప మీద నెత్తుటి చుక్కలు కనిపించాయి. గాజుపెంకు గుచ్చుకుందేమోనని రాగి కాళ్లన్నీ వెతికాను, ఏమీ లేదు. చీర కొంగులో చుట్టుకుని డిస్పెన్సరీకి పరుగెత్తాను. నా వెనకాలే మూడు మగ కుక్కలు. డాక్టరుగారు ఒక్క చూపు చూసి, "ఎన్ని దినాలయ్యింది ఇది ఎదకొచ్చి?" అని అడిగారు.

"ఇంకా రాలేదు సార్. నడుము దాకానే వచ్చింది," అని, ఇంకా ఇంత ఎత్తు రావాలన్నట్టు నా రొమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూపించాను.

ఎద్దును పట్టుకుని నిలబడిన బండివాడు కిసుక్కున నవ్వాడు. డాక్టరుగారు అతని వైపు చూసిన చూపుకు ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఆయన చేతులు కడుక్కుని, స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు.

"ఎద అంటే రొమ్ము గాదమ్మా. ఆడ జంతువు మగదాన్ని కోరే కాలం. కన్నడంలో బెదె అంటారు. మా ఊర్లో పసిబిడ్డకు గూడా తెలిసిన మాట, నీకూ తెలుసనుకుంటిని. తప్పు నాది."

ఆ తర్వాత నెత్తురు ఎందుకొస్తుందో, ఎన్నాళ్లుంటుందో, కడుపు ఎప్పుడు నిలుస్తుందో, పాఠం చెప్పినట్టు చెప్పారు. నా చెవులు వేడెక్కిపోయాయి. కానీ సిగ్గు కన్నా నాకు ఎక్కువ వచ్చింది కోపం. పదమూడేళ్లప్పుడు నన్ను మూల చాప మీద కూర్చోబెట్టి, నువ్వులు బెల్లం దంచిన చిమ్మిరి తినిపించి, పేరంటాళ్లను పిలిచి పాటలు పాడించారు. నాకేమైందో ఒక్కరూ చెప్పలేదు. ఏదో పెద్ద జబ్బు చేసింది, చచ్చిపోతానని ఇంతమంది చూడటానికి వచ్చారనుకుని మూడు రోజులు ఏడ్చాను. ఒక కుక్క కోసమైనా ఒక మనిషి నాకు ఆ మాటలు సూటిగా చెప్పడం అదే మొదటిసారి.

"ఇప్పుడే కోస్తే నెత్తురు ఎక్కువ పోతాది, నా చేతిలోనే చచ్చిపోవచ్చు గూడా," అన్నారాయన. "ఆగితే మూడు వారాలు ఒక్క మగ కుక్కా దగ్గరికి రాకుండా చూడల్ల. ఏమరితే కడుపే. కాపాడగలిగితే, ఆ మీద రెండు నెలలు పోనిచ్చి చేస్తా. నీ కుక్క, నువ్వు చెప్పు."

"మీరే చెప్పండి సార్."

"మీ ఇంటి తలుపులు నాకు తెల్దు గదమ్మా."

నిజమే. బేరగాళ్ల కోసం పొద్దస్తమానం తెరిచి ఉండే వీధి తలుపు, ఎవరైనా దాటగలిగే పెరటి గోడ నాకే తెలుసు. రాగి నా ఒళ్లో వణుకుతోంది. ఆ తలుపు మూయించి ఆగుతానని చెప్పాను. ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర, నాయన ముందే అనేశాను. "రాగి ఎదకు వచ్చింది నాయనా. మూడు వారాలు వీధి తలుపు మూయల్ల."

అమ్మ గరిటె కింద పెట్టి పెరటి తలుపు వైపు చూసింది. నాయన అన్నం సగంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాడు. కోపం వచ్చిందనుకున్నాను. కానీ ఆయన వెళ్ళి వీధి తలుపు గడియ వేసి, కండెలు చుట్టే రాట్నం తెచ్చుకుని, పక్కన కర్ర పెట్టుకుని, తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. మగ్గం దిగినప్పుడల్లా ఆయన చోటు అదే. పెరటి కాపలా అమ్మది. డిస్పెన్సరీకి పోతే రాగిని వెంట తీసుకుపోయి లోపలి గదిలో గడియ వేసేదాన్ని. బేరగాళ్లు కిటికీలోంచే మాట్లాడేవాళ్లు. తలుపెందుకు మూశారని వాళ్లు అడిగితే మొదటి వారం నాయన "ఊరికే" అన్నాడు. రెండో వారానికి, "మా కుక్క ఎదకు వచ్చుండాదప్పా," అని మామూలుగా చెప్పడం నాకు మగ్గం గదిలోంచి వినిపించింది.

దాదాపు మూడు నెలల తర్వాత డాక్టరుగారు ఆపరేషన్ చేశారు. దీపం పట్టుకున్నది నేనే. కళ్ళు మూసుకోబోతే, "చూడమ్మా, చూస్తే భయం పోతాది," అన్నారు. సాయంత్రానికి రాగి తల ఎత్తి నా చెయ్యి నాకింది. ఆ తర్వాత పదకొండేళ్లు బతికింది. డాక్టరుగారు మాత్రం ఆ రోజు నుంచి ఎవరినీ "అర్థమయ్యిందా?" అని అడగడం మానేశారు. బండివాడైనా కారులో వచ్చిన దొరసానైనా, "నీకేమర్థమయ్యిందో నాకు చెప్పు," అనేవారు. కొందరికి ఒళ్లు మండేది. అయినా చెప్పించుకోకుండా పంపేవారు కాదు.

వైట్‌ఫీల్డ్ డాక్టరమ్మ చిన్నపిల్ల, మంచిది. "ఫస్ట్ హీట్‌కి ముందే చేయించేయండి ఆంటీ, అదే బెటర్," అంది. పక్కన పదకొండేళ్ల మేఘన బుద్ధిగా తల ఊపింది. ఆ ఊపు నాకు బాగా తెలుసు. బయటికి వచ్చి ఆటో కోసం నిలబడినప్పుడు అడిగాను.

"డాక్టరమ్మ చెప్పింది నీకేమర్థమయ్యిందో చెప్పు."

"సమ్మర్ రాకముందే ఆపరేషన్ చేయించాలి అవ్వా. ఎండలకి హీట్ ఎక్కువైపోతుంది కదా."

నవ్వు గొంతు దాకా వచ్చింది. మింగేశాను. వచ్చిన ఆటోను పంపేసి, గోడ పక్కన బెంచీ మీద మేఘనను కూర్చోబెట్టుకున్నాను. కుక్కపిల్ల మా ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చుంది.

"హీట్ అంటే ఎండ కాదమ్మా," అన్నాను. "నీకు ముందే చెప్పాల్సింది. తప్పు నాది."

కుక్కతో మొదలుపెట్టాను. దాని దగ్గరే ఆపలేదు.