నేను తీసేసిన గాలి బోర్డు డ్రైవర్

ఉద్యోగ విరమణకి ఐదేళ్ళ ముందు, ఒక జనవరి మొదటి వారంలో, నన్ను శ్రీకాకుళంలోని మా సాంకేతిక విభాగానికి బదిలీ చేశారు. హోదా సీనియర్ సిస్టమ్స్ ఇంజనీరు, బాధ్యత కెర్నెల్ నిర్వహణ. నరసన్నపేటలో ఉన్న మా మేనమామకి ఈ సంగతి చెబితే, జీపు ఇస్తారా అని అడిగాడు. ఇవ్వరన్నాను. అయితే పెద్ద ఉద్యోగమేం కాదులే అని తేల్చేశాడు. ఆ మాట తప్పని నిరూపించాలన్న ఆత్రంతోనే ఆ తర్వాత రెండేళ్ళూ పనిచేశానని ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకు మొహమాటం లేదు.

మా విభాగం చేతిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని చిన్న చిన్న ప్రభుత్వ కంప్యూటర్లు చాలా ఉండేవి. ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో కొన్ని, పంచాయతీ ఆఫీసుల్లో కొన్ని, చేపల రేవుల్లో కొన్ని. వాటన్నిటికీ ఒకే ఆపరేటింగ్ సిస్టమ్‌ని మేమే కూర్చి పంపేవాళ్ళం. అందులో అడుగున ఉండేది కెర్నెల్. పైన నడిచే ప్రోగ్రాములకీ కింద ఉన్న యంత్రభాగాలకీ మధ్య మాట అందించడం దాని పని. ఒక్కో రకం పరికరంతో మాట్లాడటానికి దానిలో ఒక్కో ముక్క ఉంటుంది, దాన్ని డ్రైవర్ అంటాం.

పరికరాలు పాతబడి మూలన పడతాయి కానీ డ్రైవర్లు వాటంతట అవి పోవు. ఫ్లాపీలు పోయి ఎన్నేళ్ళయినా ఫ్లాపీ డ్రైవర్ మాత్రం కెర్నెల్‌లో భద్రంగా ఉంటుంది. అది ఊరికే పడి ఉంటే పరవాలేదు గానీ, అలా ఉండదు. కెర్నెల్‌లో ఎక్కడ ఏ మార్పు చేసినా ఈ పాత ముక్కలన్నిటినీ దానికి తగ్గట్టు సవరించాలి. ఎవరూ చూడని చోటు కాబట్టి భద్రతా లోపాలు కూడా అక్కడే దాక్కుంటాయి. అందుకని వీటిని ఏరి తీసెయ్యడం నిర్వహణలో ముఖ్యమైన పని, నాకు మహా ఇష్టమైన పని కూడా. కొత్త కోడ్ రాసినవాణ్ణి ఎవరైనా తప్పుపట్టొచ్చు గానీ పాతది తీసేసినవాణ్ణి తప్పుపట్టడానికి అక్కడ ఏమీ మిగలదు కదా అని నా ధీమా.

తీసెయ్యడానికి ఒక పద్ధతి ఉండేది. మొదట ఆ డ్రైవర్‌కి కాలం చెల్లిందని గుర్తు పెడతాం. ఆ తర్వాత ఏడాదిపాటు, అది పనిచేయడం మొదలుపెట్టినప్పుడల్లా, కంప్యూటర్ తన చిట్టాలో ఒక హెచ్చరిక రాసుకుంటుంది: దీన్ని త్వరలో తొలగిస్తున్నాం, మీరు వాడుతుంటే ఫలానా చిరునామాకి తెలియజేయండి అని. ఏడాదిలో ఎవరూ తెలియజేయకపోతే, నిర్వహణాధికారి ఒక తొలగింపు పత్రం రాసి సంతకం చేస్తాడు. పై అధికారి చూసి రెండో సంతకం చేస్తారు. అప్పుడు కోడ్ తీసేస్తాం.

నేను చేరిన మరుసటి ఏడాది నా జాబితాలో ఒక పాత సీరియల్ కార్డు ఉంది. ఒక కంప్యూటర్‌కి నాలుగు పరికరాల తీగలు తగిలించుకోవడానికి వాడే కార్డు అది. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. హెచ్చరిక పెట్టి ఏడాది అయింది, ఒక్క ఉత్తరం రాలేదు. పైగా మా కంప్యూటర్లు ఏ డ్రైవర్లు వాడుతున్నాయో వారానికోసారి వాటంతట అవే ఆఫీసుకి నివేదిక పంపేలా నేనొక ఏర్పాటు చేయించాను. ఆ నివేదికల్లో ఈ కార్డు దగ్గర సున్నా ఉంది. తొలగింపు పత్రంలో వాడకందారులు అనే గడిలో "ఎవరూ లేరు" అని రాశాను.

మా జాయింట్ డైరెక్టర్ మేడమ్ రెండో సంతకం పెట్టేముందు ఒక్కటే అడిగారు, లేరని ఎలా తెలుసు అని. నివేదిక చూపించి, దాని గురించి పావుగంట మాట్లాడాను. నా మాటలు ఆపించడానికే ఆవిడ సంతకం పెట్టారని నాకిప్పుడు గట్టి అనుమానం. సుమారు రెండు వేల లైన్ల కోడ్ ఒక్క మీట నొక్కుతో పోయింది. ఆ సాయంత్రం ఇంటికి ఎంత తేలిగ్గా నడిచి వెళ్ళానో ఇప్పటికీ గుర్తుంది.

అది ఏప్రిల్ చివర. సముద్రంలో వేట నిషేధం నడుస్తోంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా రెండు నెలలు బోట్లు ఒడ్డునే ఉంటాయి. ఇంటర్నెట్ అందని కంప్యూటర్లకి కొత్త కెర్నెల్ ఎక్కించే పని మా ఫీల్డ్ టెక్నీషియన్ శ్రీనుది. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని మోటారు సైకిల్ మీద ఊరూరా తిరిగేవాడు. రేవుల్లో సందడి ఉండదని వాటిని నిషేధం రోజుల్లోనే ముగించేవాడు. అలా ఎచ్చెర్ల దాటి సముద్రం దిక్కుగా ఉన్న ఒక చిన్న రేవులో కూడా కొత్త కెర్నెల్ ఎక్కించి, కంప్యూటర్ సరిగ్గా లేచిందని చూసుకుని వచ్చేశాడు. అతని తప్పు ఇందులో ఏమీ లేదు.

జూన్ నడిమికి నిషేధం ముగిసింది. రెండు నెలలుగా చెరువు చేపలతో సరిపెట్టుకున్న నేను సందువ చేపల కోసం ఎదురుచూస్తున్నాను. మా వీధికి చేపలు తెచ్చేది నూకాలమ్మ. పదిహేనేళ్ళుగా ఆ చిన్న రేవు నుంచే బస్సులో తట్టతో వచ్చి, మా నాలుగు వీధుల్లో అమ్మి మధ్యాహ్నానికి వెళ్ళిపోయేది. మొదటి రోజు రాలేదు. రెండో రోజూ లేదు. బజారులో వేరే రేవుల చేపలు కనిపించాయి గానీ నూకాలమ్మ మాత్రం లేదు. నాలుగో రోజు పొద్దున్న వచ్చింది, తట్టలో ఎండు నెత్తళ్ళు పెట్టుకుని. నేను గేటు దగ్గరే నిలదీశాను. ఏటి నూకాలమ్మా, వేట మొదలై నాలుగు రోజులైతే ఎండు చేపలు తెస్తావా, మమ్మల్ని మరిచిపోయావా అని దబాయించాను.

"ఏటి సెయ్యమంటారు బాబూ. బోర్డు సీకటిగా ఉన్నాది. సీకటైతే మావోలు సముద్రంలోకి దిగరు."

ఏ బోర్డని అడిగాను. రేవులో గాలి ఎంత జోరుగా ఉందో అంకెల్లో చూపించే బోర్డట, ప్రభుత్వం పెట్టిందట. పక్క ఊళ్ళవాళ్ళు మూడు రోజులుగా దిగుతున్నారని, నిండా తెస్తున్నారని, తమ ఊళ్ళో మాత్రం ఊరి పెద్ద దానయ్య ఒక్క బోటునీ కదలనివ్వడం లేదని చెప్పింది. రెండు నెలలు ఖాళీగా కూర్చున్న ఇళ్ళు ఇంకా ఖాళీగా కూర్చున్నాయంది. ఆ రేవు కంప్యూటర్ మాదేనని, శ్రీను దానికి కొత్త కెర్నెల్ ఎక్కించి వచ్చాడని అప్పుడు గుర్తొచ్చింది. ఎండు నెత్తళ్ళు కొనకుండానే ఆఫీసుకి పరుగెత్తాను.

పాత రికార్డులు తీసి చూస్తే పది నిమిషాల్లో తెలిసిపోయింది. గాలి కొలిచే పరికరం తీగ ఎవరూ వాడటం లేదని నేను రాసిన సీరియల్ కార్డుకే తగిలించి ఉంది. ఆ రేవులో ఇంటర్నెట్ లేదు. ఇంటర్నెట్ లేని కంప్యూటర్ నా ఘనమైన నివేదిక పంపలేదు. అంటే పాత కార్డులు ఎక్కడెక్కడ మిగిలి ఉండే అవకాశం ఉందో, సరిగ్గా ఆ చోట్లనే నేను లెక్కలోకి తీసుకోలేదు. నా హెచ్చరిక సంగతి చెప్పక్కర్లేదు. ఆ కంప్యూటర్‌కి తెర లేదు, అంకెల బోర్డు తప్ప. ఏడాదిపాటు అది చీకటి గదిలో తనలో తాను నా హెచ్చరికని రాసుకుంటూ కూర్చుంది. పది నిమిషాలు గాలి కొలత అందకపోతే పాత అంకెని చూపించకుండా బోర్డు ఆర్పెయ్యాలని ఆ ప్రోగ్రాము రాసినవాళ్ళు పెట్టారు. అది పూర్తిగా సరైన పని. నిషేధం రెండు నెలలూ బోర్డు స్విచ్చి కట్టేసి ఉంటారు కాబట్టి శ్రీనుకి ఆ తేడా తెలిసే వీలు లేదు.

మేడమ్‌కి చెప్పాను. ఆవిడ అరవలేదు, అరిచినదానికన్నా అదే ఎక్కువ బాధించింది. తీసిన కోడ్‌ని వెనక్కి తేవడం కష్టం కాదు, మార్పుల చరిత్ర అంతా భద్రంగా ఉంటుంది. మధ్యాహ్నానికి కెర్నెల్ మళ్ళీ తయారై, పరీక్ష పూర్తయింది. అక్కడ ఎక్కువ మాట్లాడకండి, సాంకేతిక లోపం అని చెప్పి బాగుచేసి వచ్చెయ్యండి అన్నారావిడ. శ్రీను మోటారు సైకిల్ వెనక కూర్చుని బయలుదేరాను. దారిలో అతనే చెప్పాడు ఆ ఊరి కట్టుబాటు సంగతి. కొన్నేళ్ళ కింద ఒక పొద్దున్న ఆకాశం తేటగా ఉండగా బోర్డు ఆరిపోయిందట, ఏదో తీగ పాడై. ఏమీ కాదులే అని రెండు బోట్లు దిగాయి. మధ్యాహ్నానికి గాలి లేచింది. ఒక బోటే తిరిగొచ్చింది. రానిదాంట్లో ఉన్నది దానయ్య సొంత తమ్ముడు. గాలి ఎంతుందో తెలియని రోజు ఎవరూ దిగకూడదని అప్పటినుంచీ దానయ్య పట్టుబట్టి ఆ ఊళ్ళో నిలబెట్టాడు. ఫోన్ చేసి ఎవరూ ఫిర్యాదు చెయ్యకపోవడానికి కారణం కూడా అదే. వాళ్ళ దృష్టిలో చీకటి బోర్డు పాడైన బోర్డు కాదు, దిగొద్దని చెప్పే బోర్డు.

రేవు చేరేసరికి ఇరవైమంది దాకా వలలు బాగుచేసుకుంటూ షెడ్డు నీడలో కూర్చుని ఉన్నారు. దానయ్యకి అరవై దాటి ఉంటాయి, సన్నటి మనిషి, ఒక పక్కన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మిగతావాళ్ళు ఆయన వైపు చూసే చూపులోనే నాలుగు రోజుల కోపం తెలుస్తోంది. శ్రీను పెన్‌డ్రైవ్ పెట్టాడు. కంప్యూటర్ మళ్ళీ లేచింది. బోర్డు మీద గాలి అంకె వచ్చింది, చాలా చిన్న అంకె. దానయ్య దాని వంక చూసి నన్ను అడిగాడు.

"ఈ నాలుగు రోజులూ గాలా బాబూ, మీ మిషనా?"

మేడమ్ చెప్పిన రెండు మాటలు నోటిదాకా వచ్చాయి. సాంకేతిక లోపం అంటే సరిపోయేది. నిజం చెబితే నా పరువు పోవడం ఒక్కటే అయితే బెంగ లేదు, పరువు ఆ పొద్దుటే గేటు దగ్గర పోయింది. బోర్డు చీకటైంది గాలి వల్ల కాదు, ఆఫీసులో ఒకడి తెలివితక్కువ వల్ల అని తెలిస్తే, ఇకమీద అది ఆరిన రోజు ఈ కుర్రాళ్ళు ఆగుతారా అన్నది నా భయం. దానయ్య ఇన్నేళ్ళు నిలబెట్టిన కట్టుబాటు నా ఒక్క మాటతో పోతుంది. అలాగని ఆయన మొహం చూసి అబద్ధమాడటం నా వల్ల కాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆ కార్డు వాడేవాళ్ళు ఎవరూ లేరని నా చేత్తో రాశానని కూడా చెప్పాను.

నేను భయపడ్డదే జరిగింది. అప్పన్న అనే ముప్పై ఏళ్ళ బోటు యజమాని వల కింద పడేసి లేచాడు. "అయితే మావా, నాలుగు రోజులు ఊరికే కూకున్నాం. ఇకమీద బోర్డు సీకటైతే ఆపీసుకి ఫోన్ సేద్దాం. మిషను పాడైందంటే దిగిపోదాం."

నలుగురైదుగురు అవునన్నారు. దానయ్య కాసేపు వాళ్ళని మాట్లాడుకోనిచ్చాడు. తర్వాత గొంతు పెంచకుండా అన్నాడు.

"ఫోన్ సేస్తే ఎవులెత్తుతార్రా? ఈ బాబే. మనం ఉన్నామనే ఈ బాబుకి తెల్దు. మనం లేమని కాయితం మీద రాసీసినాడు. ఈయన ఫోన్లో దిగమంటే సముద్రంలోకి దిగిపోతావేట్రా?"

అప్పన్న నా వంక చూశాడు. పైనుంచి కింది దాకా బాగానే చూశాడు. మళ్ళీ కూర్చుని వల చేతిలోకి తీసుకున్నాడు. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నా పనితీరు గురించి అంత సూటి నివేదిక ఎవరూ ఇవ్వలేదు. సిగ్గేసింది, దాంతోపాటు కట్టుబాటు నిలిచినందుకు గుండె బరువు కూడా దిగింది. ఆ రోజు కూడా దానయ్య బోట్లని కదలనివ్వలేదు. బోర్డు అంకెని తన అంచనాతో సాయంత్రం దాకా సరిచూసుకుని, మర్నాడు తెల్లవారుజామున దిగమన్నాడు. నూకాలమ్మ ఆ మర్నాడు సందువలు తెచ్చింది. మా ఇంటి ముందు ఆగకుండా వెళ్ళబోతే నేనే పిలిచి కొనుక్కున్నాను.

ఆ తర్వాత పద్ధతిలో ఒక మార్పు రాయించాను. నివేదిక పంపలేని కంప్యూటర్ల జాబితా విడిగా తయారుచేసి, తొలగింపుకి ముందు నిర్వహణాధికారి స్వయంగా వాటి దగ్గరికి వెళ్ళాలి. అధికారి అంటే నేనే కాబట్టి, ఎండల్లో శ్రీను వెనక కూర్చుని ఏడాదంతా తిరిగాను. జీపు ఇవ్వరని మా మేనమామకి రూఢి అయింది. అలా తిరిగితే జాబితాలో మరో మూడు డ్రైవర్లకి వాడకందారులు తేలారు.

ఆ సీరియల్ కార్డు మాత్రం ఎల్లకాలం ఉంచే వస్తువు కాదు. రెండేళ్ళకి ఆ కార్డు అక్కర్లేని కొత్త రకం గాలి పరికరం తెచ్చి, పాతదాని పక్కనే పెట్టించి, ఒక వేట కాలమంతా రెండింటినీ నడిపించాం. రెండు అంకెలనీ దానయ్య రోజూ చూశాడు. పాతది తీసెయ్యొచ్చని ఆయన అన్నాకే తొలగింపు పత్రం రాసి, ఈసారి మూడో సంతకానికి ఒక గడి గీసి, రేవుకి పట్టుకెళ్ళాను. చదివి వినిపించమన్నాడు. వినిపించాను. కలం చేతిలోకి తీసుకుని ఒక్కటే అడిగాడు.

"కొత్తది పాడైనా బోర్డు సీకటే అవుతాదా బాబూ?"

అవుతుందన్నాను, ఆఫీసులో తీగ పీకి చూసుకుని వచ్చానని చెప్పాను. ఇక్కడ కూడా పీకి చూపించమన్నాడు. శ్రీను తీగ పీకాడు. పది నిమిషాలు అందరం నిలబడి బోర్డు ఆరేదాకా చూశాం. ఆరాక ఆయన సంతకం పెట్టాడు.

ఒక పరికరం పనిచేస్తున్నప్పుడు ఏం చేస్తుందో తెలుసుకోవడానికే నా సర్వీసంతా సరిపోయింది. దాన్ని తీసెయ్యబోయేవాడు, అది ఆగిపోయినప్పుడు దాని ముందు నిలబడేది ఎవరో, వాళ్ళు ఏం చేస్తారో కూడా వెళ్ళి చూసి రావాలి.